గండిమైసమ్మ దాకా ట్రయల్

"మీరు బాగు చేసింది కారునా, జలుబు చేసిన గేదెనా?"

మేడ్చల్ నుంచి గండిమైసమ్మ పోయే దారిలో, యాదగిరి ఉస్తాద్ రేకుల మెకానిక్ షెడ్డు ముందు తెల్ల ఎస్టీమ్ కారు ఆపి, తలుపు ధడాలున వేసి, ఒక అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. 2008 జూలై. ముసురు పట్టి మూడు రోజులైంది. అమ్మాయి చెప్పులకు బురద, ముక్కు మీద కోపం, చేతిలో ఫార్మసీ కాలేజీ రికార్డు.

జీపు కింద పడుకున్న సన్నీ మెల్లగా బయటికి జరిగాడు. ముందు చెప్పులు కనిపించాయి, తర్వాత కోపం కనిపించింది.

"ఏమైంది మేడమ్?"

"గేరు మార్చినప్పుడల్లా కుత కుత కుతమంటోంది. మా అన్నయ్యకి ఇవాళ డ్యూటీ. మీ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. రెండు సిగ్నళ్ళ దగ్గర జనం తిరిగి చూశారు తెలుసా?"

"కారును జూసిండ్రో, మిమ్మల్ని జూసిండ్రో!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆ అమ్మాయి కళ్ళు ఇంకొంచెం పెద్దవయ్యాయి.

ఆమె పేరు ధరణి. తండ్రి జోగారావు తణుకు నుంచి బదిలీ మీద వచ్చిన పోస్టల్ ఉద్యోగి. మచ్చ బొల్లారంలో సొంత ఇల్లు కట్టుకుని ఇక్కడివాడైపోయాడు. అన్న సుజిత్ మందుల కంపెనీలో సూపర్‌వైజర్. కోరి కోరి పాత ఎస్టీమ్ కొని, ఎక్కడినుంచో సెకండ్‌హ్యాండ్ టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలి దట్టించే యంత్రం, తెప్పించి ఈ షెడ్డులోనే బిగింపించుకున్నాడు. ఇంట్లో ఆ కారుకి ఉన్న గౌరవం తనకి లేదని ధరణి బాధ.

సన్నీ సంగతి చెప్పాలంటే, అతని తండ్రి రామయ్య షామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. కొడుకు చేతికి వల అబ్బలేదు, స్పానరు అబ్బింది. టర్బో కారు మీద చెయ్యి వేయగల కుర్రాడు మేడ్చల్ చుట్టుపక్కల అతనొక్కడే. ఆ సంగతి అతనికి కూడా బాగా తెలుసు. తెలియకపోయి ఉంటే బాగుండేది.

అతను బానెట్ ఎత్తి, పెన్సిలంత లావున్న నల్ల రబ్బరు పైపు ఒకటి వంచి చూపించాడు. ఎండిపోయి నెర్రెలిచ్చింది.

"ఇదే మేడమ్ మీ గేదెకు జలుబు. యాక్సిలరేటర్ మీదకెల్లి కాలు తీయంగనే ఇంజన్ల పీల్పు పుడ్తది. వాక్యూమ్ అంటరు. గా పీల్పు గీ సన్న పైపులకెల్లి బ్లో-ఆఫ్ వాల్వుకు పోతది. వాల్వు తెరుసుకొని, టర్బోల ఆగిన గాలిని బయటికి ఇడుస్తది. పైపు పగిలితే వాల్వుకు కబురు పోదు. గాలికి దారి దొరకక ఎనకకు మల్లి టర్బో రెక్కలనే కొడ్తది. గదే మీ కుత కుత."

"అంటే లోపల ఉన్నది బయటికి చెప్పుకోలేక కొట్టుకుంటోందన్నమాట."

"గట్లనే అనుకోండ్రి."

కొత్త పైపు కోసి, ఇంజన్ మీద దానికని ఉన్న చిన్న ముక్కుకి తొడిగి, బుల్లి క్లిప్పు బిగించాడు. ధరణి తాళాల కోసం చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు.

"ట్రయల్ పోవాలె. గండిమైసమ్మ దాకా పోయి రావాలె. బండి మస్తు వేడెక్కాలె, అప్పుడుగాని కట్టిన పైపు నిలుస్తదో లేదో తెల్వది. మా ఉస్తాద్ లెక్క ఇది. చెయ్యి పెట్టినోడే ముందుగాల నడపాలె."

"సరే, పదండి."

"ట్రయల్‌కు కస్టమర్ ఎక్కొద్దు మేడమ్."

"ఇది మా కారు!"

"పైపు నాది. ఏమన్న అయితే నాకే కావాలె, మీకెందుకు?"

ముప్పావుగంట ఆమె ఆ షెడ్డులో, గ్రీజు మరకల స్టూలు మీద, పేపరు పరుచుకుని కూర్చుంది. అతను తిరిగొచ్చి తాళాలిచ్చేసరికి పేపరు మొత్తం చదివేసింది, వాంటెడ్ ప్రకటనలతో సహా. కారు గేరు మారినప్పుడు ఈసారి ముద్దుగా 'తుష్షు'మంది. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు.

ఆ నవ్వు దగ్గరే మనవాడి పని అయిపోయింది.

తర్వాత రెండు నెలల్లో ఆ ఎస్టీమ్‌కి రాని రోగం లేదు. వైపరు కీచుమంటోందని ఒకసారి, అద్దం వణుకుతోందని ఒకసారి, ఏమీ లేకపోతే "ఏమీ చప్పుడు రావట్లేదు, అదే అనుమానంగా ఉంది" అని ఒకసారి. వారంలో ఒక రోజు కాలేజీకి కారిమ్మని అన్నని బతిమాలుకునేది. యాదగిరి ఉస్తాద్ మీసం కింద నవ్వుకునేవాడు. మేడమ్ పోయి ధరణి అయింది. మీరు పోయి నువ్వు అయింది. ఇద్దరిలో ఒక్కరూ అసలు మాట మాత్రం ఎత్తలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం. వాన కుండపోతగా కురుస్తోంది. ఉస్తాద్ కీసరలో పెళ్ళికి పోయాడు. షెడ్డులో సన్నీ ఒక్కడే ఉన్నాడు. ధరణి గొడుగు మూస్తూ దిగింది.

"సన్నీ, మా అన్నయ్య ఫ్రెండ్స్ నవ్వుతున్నారట. అందరి టర్బోలూ బుస్సుమంటే మాది పిల్లి తుమ్మినట్టుందట. అంతేలే, మేడ్చల్‌లో ఇంతకంటే ఏం వస్తుంది!"

"పిల్లి తుమ్మా?"

"నేననలేదు బాబూ. వాళ్ళన్నారు." కళ్ళు మాత్రం తనే అన్నట్టు నవ్వుతున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సన్నీ మంచివాడే. తప్పు చేసేవాళ్ళందరూ చెడ్డవాళ్ళే అయితే ఈ లోకంలో ఎంత హాయిగా ఉండేది! ఒక అమ్మాయి ముందు తన పని చిన్నబోయిందని ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి పౌరుషం వచ్చింది. అంతే జరిగింది.

అప్పుడు పైపు తొడిగిన చిన్న ముక్కులో పీల్పు తక్కువ, అందుకే చప్పుడూ చిన్నదే. కాని బ్రేకులకి పోయే లావు పైపు ఒకటుంటుంది. ఇంజన్ పీల్పంతా అందులో ఉంటుంది. బ్రేకు మీద మనం మెల్లగా కాలు ఆనిస్తే బండి ఆగేది ఆ పైపు ఇచ్చే బలంతోనే. దాన్ని కోసి మధ్యలో ఇంగ్లీషు T ఆకారంలో మూడు నోళ్ళుండే టీ ముక్క పెట్టి, అక్కణ్ణించి వాల్వుకి పైపు లాగితే చప్పుడు అదిరిపోతుంది. బ్రేకు పైపు జోలికి మాత్రం చచ్చినా పోవద్దని ఉస్తాద్ వందసార్లు చెప్పాడు.

సన్నీ దాన్ని కోశాడు. టీ ముక్క పెట్టాడు. ఆ సైజు క్లిప్పు డబ్బాలో లేదు. దుకాణం బస్టాండు దగ్గరుంది, వాన తగ్గేట్టు లేదు. తండ్రి వల బాగుచేసుకోవడానికి తెమ్మన్న నైలాన్ దారపు ఉండ అతని సంచిలో ఉంది. రబ్బరు మీద మూడు చుట్లు చుట్టి, చిన్నప్పుడు తండ్రి నేర్పిన వల ముడి వేశాడు. లాగి చూశాడు. ఇనుములా ఉంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, కాలు నొక్కి వదిలాడు. 'తుష్షూ!' రేకుల కింద పడుకున్న కుక్క లేచి పారిపోయింది. ధరణి చప్పట్లు కొట్టి, పడీపడీ నవ్వింది.

నవ్వాగాక అడిగింది. "మరి ట్రయల్?"

సన్నీ వాన వైపు చూశాడు. పోయి వచ్చేసరికి గంట పడుతుంది. ఆలోగా నాలుగవుతుంది, ఈమె వెళ్ళిపోతుంది. కస్టమర్ ఎక్కకూడదన్న లెక్క తనే గొప్పగా చెప్పి ఉన్నాడాయె. ఉస్తాద్ లేని షెడ్డు, రేకుల మీద వాన, ఆమె. ఇలాంటి గంట మళ్ళీ దొరుకుతుందా?

"చిన్న పైపే గదా," అన్నాడు. "చాయ్ తాగుదమా?"

ఇద్దరూ చాయ్ తాగారు. అసలు మాట గొంతు దాకా వచ్చింది. ఇంతలో వాన వెలిసింది, ఆమె వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు కారు బ్రహ్మాండంగా తిరిగింది.

పదో రోజు ఆదివారం. పొద్దున పది గంటలకి సుజిత్ ఒక్కడే కరీంనగర్ రోడ్డు మీద వస్తున్నాడు. షామీర్‌పేట చెరువు దాటాక, రింగ్ రోడ్డు పనికి మట్టి తోలే ట్రాక్టరు అడ్డం తిరిగింది. సుజిత్ బ్రేకు నొక్కాడు. బ్రేకు దిగలేదు. రెండు కాళ్ళతో నిలబడ్డంత పని చేశాడు. కారు పక్కకి దూసుకుపోయి, రోడ్డు పక్కన సీతాఫలాలమ్ముకునే బాలమణిని కొట్టి, సిమెంటు తూముల వరసకి గుద్దుకుంది.

బాలమణికి తుంటి ఎముక విరిగింది. సుజిత్ కుడి పాదం నుజ్జయింది.

ఆస్పత్రిలో స్పృహ వచ్చాక అతను అన్న మొదటి మాట, "బ్రేకు రాయి అయిపోయింది నాన్నా." జోగారావు కొడుకు మొహం వైపు చూడలేదు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కరి చేత మాట పడలేదు. ఇవాళ పోలీసులు నా పేరు అడిగి రాసుకున్నారు. స్పీడు నీది, నెపం బ్రేకుదీనా?"

అంతే. ఆ రోజు నుంచి తండ్రి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. తల్లి పద్మజ ఇద్దరి మధ్యా కూర్చుని ఏడ్చేది. ధరణి కూడా అన్న మాట నమ్మలేదు. రోజూ కారులో పాటలు పెద్దగా పెట్టుకుని దూసుకుపోయే అన్నని ఆమె ఎరుగును కదా.

నమ్మగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను నోరు విప్పలేదు.

మొదటి రోజు సన్నీకి కూడా తెలియదు. మర్నాడు, కారులో అన్నయ్య ఆఫీసు కాగితాలున్నాయి, తెచ్చిపెట్టమని ధరణి ఫోన్ చేసింది. పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎస్టీమ్ మూతి పగిలి పడి ఉంది. కాగితాలు తీశాక, ఊరికే, అలవాటు కొద్దీ, నలిగిన బానెట్ సందులోంచి లోపలికి చూశాడు.

టీ ముక్క ఖాళీగా ఉంది. వాల్వు పైపు ఊడి పక్కకి వేలాడుతోంది. దాని చివర నైలాన్ దారం మూడు చుట్లు, వదులుగా, వేలు దూరేంత సాగి ఉన్నాయి. ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

సన్నీ అక్కడే కారు పక్కన కూలబడ్డాడు. ఎవరో కానిస్టేబుల్ "ఏమైంది పిలగా?" అంటే, "ఎండ" అన్నాడు. ఆకాశమంతా మబ్బే. పైపు ముక్క కోసి జేబులో పెట్టుకున్నాడు.

చెప్పేద్దామనే ఆస్పత్రికి వెళ్ళాడు. వరండాలో ధరణి ఒక్కతే ఉంది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. అతన్ని చూడగానే లేచి వచ్చి, భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

"నువ్వొచ్చావు. అన్నయ్య ఫ్రెండ్స్‌లో ఒక్కడు కూడా రాలేదు సన్నీ. నువ్వు రోజూ వస్తావు కదూ?"

రెండు నెలలుగా అతను కోరుకున్నది అదే. అది దొరికిన రోజున చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "వస్త" అన్నాడు.

రోజూ వెళ్ళాడు. మందులు తెచ్చాడు, ఫ్లాస్కులో టీ తెచ్చాడు, పద్మజని ఇంటి దగ్గర దింపాడు. ధరణి అతనికి తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది. ఒకసారి చెయ్యి పట్టుకుని, "ఇదంతా అయిపోయాక నాన్నకి నీ గురించి చెప్తాను" అంది. అతను ఆ చెయ్యి మెల్లగా వదిలించుకుని, కిందికి పోయి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

చెప్తే ఈ చెయ్యి ఉండదు. చెప్పకపోతే ఈ చెయ్యి పట్టుకునే అర్హత ఉండదు. రోజులు మాత్రం ఆగకుండా పోతున్నాయి.

పద్దెనిమిదో రోజు సుజిత్‌ని ఇంటికి తెచ్చారు. సాయంత్రం సన్నీ అతని మంచం పక్కన కూర్చున్నాడు. వకీలు వచ్చి వెళ్ళాడు. అతివేగమే కారణమని రేపు సంతకం పెట్టేస్తే కేసు తొందరగా తెములుతుందన్నాడు. జోగారావు ఒప్పుకున్నాడు.

"పాదంలో ఎముకలు ఎలా విరిగాయో డాక్టరు చెప్పాడు సన్నీ," అన్నాడు సుజిత్ పైకప్పు చూస్తూ. "కాలు పెడల్ మీద గట్టిగా తొక్కిపెట్టి ఉన్నప్పుడు ఇలా విరుగుతాయట. అది బ్రేకా, యాక్సిలరేటరా అని నాన్న అడిగారు. డాక్టరు తెలీదన్నాడు." చూపు కాలి కట్టు మీదికి దించాడు. "ఇప్పుడు నాకూ తెలీట్లేదు. కంగార్లో నేనే తప్పు పెడల్ తొక్కానేమో. ఇంతమంది అంటున్నారంటే నేనే తొక్కి ఉంటాను. పాపం, ఆవిడ నడుము..."

సన్నీ లేచి బయటికి వచ్చేశాడు.

షామీర్‌పేటలో తండ్రి గుమ్మం ముందు వల పరుచుకుని చిరుగులు చూసుకుంటున్నాడు. సన్నీ జేబులోంచి పైపు ముక్క తీసి తండ్రి ముందు పెట్టాడు. రామయ్య అది తిప్పి తిప్పి చూశాడు.

"ముడి మనదే. దారం ఎందుకు గిట్ల సాగింది?"

"ఇంజన్ల గట్టిన నాయినా."

"ఇంజన్లనా? నెత్తి తిరిగిందారా నీకు? నీళ్ళల్ల ఉండే దారం ఇది. పొయ్యికాడ పెడ్తే సాగదా?"

సన్నీ మిగిలింది చెప్పాడు. చెప్తూ చెప్తూ చిన్నపిల్లాడిలా వెక్కాడు. రామయ్య చేతిలోని వల పక్కన పెట్టాడు.

"బాలమణి మనకు తెల్వనిదా కొడకా? ఎన్ని దినాలాయె ఇది నీ జేబుల వెట్టుకొని?"

"పదిహేడు."

"అన్ని దినాలు ఎట్ల బువ్వ దిన్నవురా?" ఆ ముక్కని కొడుకు చేతిలోనే పెట్టి వేళ్ళు ముడిచాడు. "పో. తెల్లారంగనే పో. నేనొస్త నీ ఎంబడి."

"వద్దు నాయినా. నేనే పోత."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మచ్చ బొల్లారంలో ఆ ఇంటి హాల్లో అందరూ ఉన్నారు. సుజిత్ సోఫాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితం టీపాయ్ మీద ఉంది. జోగారావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ధరణి కాఫీ తెస్తూ, సన్నీని చూసి చిన్నగా నవ్వింది.

అతను ఆ కాగితం మీద పైపు ముక్క పెట్టాడు.

"సార్, సుజిత్ అన్న అబద్ధం జెప్పలే. బ్రేకు నిజంగనే రాయి అయింది. అట్ల జేసింది నేను."

నిలబడే అంతా చెప్పాడు. ఏ పైపు కోశాడో, ఎందుకు కోశాడో, ఏ దారంతో కట్టాడో. వేడికి దారం సాగి పైపు ఊడింది. ఊడగానే బ్రేకు పైపులోకి బయటిగాలి దూరింది, బ్రేకు బలం పోయింది. ఎవరి నవ్వు కోసం చేశాడో మాత్రం చెప్పలేదు.



ముందు కదిలింది సుజిత్. అతనికి కోపం వస్తుందని, చేతికందింది విసురుతాడని సన్నీ కాచుకుని ఉన్నాడు. కాని సుజిత్ సన్నీ వైపు చూడనే లేదు.

"నాన్నా," అన్నాడు. "విన్నావా నాన్నా? నేను తొక్కాను. బ్రేకే తొక్కాను."

జోగారావు లేచాడు. సోఫా ముందు నేల మీద కూర్చుని, కట్టు కట్టిన కొడుకు పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద నుదురు ఆనించాడు. పందొమ్మిది రోజుల తర్వాత కొడుకుతో మాట్లాడాడు.

"నన్ను క్షమించరా," అన్నాడు.

పద్మజ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ధరణి ట్రే కింద పెట్టి వచ్చి, ఆ పైపు ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు ట్రయల్‌కి ఎందుకెళ్ళలేదు?"

"నువ్వు పోతవని."

"నేను పిల్లి తుమ్మని ఎగతాళి చేసినందుకే కదా ఇది కోశావు?"

"ఎగతాళి నీది. చెయ్యి నాది."

"నాకు తెలుసు ఎవరిదో!" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "పైపు పొరపాటు. సరే. మరి ఈ పందొమ్మిది రోజులు? నీ భుజం మీద తల పెట్టుకుని నేను మా అన్నయ్యనే తిట్టుకున్నాను. అబద్ధాలకోరని తిట్టాను. నువ్వు వింటూ కూర్చున్నావు. జేబులో ఇది పెట్టుకుని, వింటూ కూర్చున్నావు!"

"జెప్తే, నువ్వు పక్కన కూసోవని..."

"వెళ్ళిపో సన్నీ."

వెళ్ళిపోయాడు. అక్కణ్ణించి నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోయి, అదే మాట మళ్ళీ చెప్పి, కింద సంతకం పెట్టాడు.

కేసు సన్నీ మీదికి మారింది. ఏడు నెలలు కోర్టు చుట్టూ తిరిగాడు. చివరికి జడ్జిగారు కోర్టు లేచేదాకా కదలకుండా కూర్చోబెట్టి, జరిమానా వేసి వదిలేశారు. ఉస్తాద్ శిక్ష అంతకంటే పెద్దది. చెంప మీద ఒక్కటిచ్చి, ఆరు నెలలు బానెట్ ముట్టుకోనివ్వలేదు. పనిముట్లు కడిగించాడు, పంక్చర్లు వేయించాడు.

మిగతా శిక్ష సన్నీ తనే వేసుకున్నాడు. బాలమణి లేచి తిరగ్గలిగిన నాటి నుంచి రోజూ పొద్దున ఆమె గంపల్ని సైకిల్ మీద రోడ్డు దాకా మోసి, సాయంత్రం ఇంటికి చేర్చేవాడు. ఆమె కర్ర పట్టుకుని కుంటుతూ వెనకే నడిచేది, తిడుతూ.

"సన్న పైపంట! గింతంత పైపు నా నడుమిరగ్గొట్టింది. మెల్లగ పోరాదు, జామకాయలు నలుగుతయ్! ఏడ్సినట్టున్నది నీ మొకం. గా పిల్ల మల్లొచ్చిందా?"

"రాలే బాలమణక్కా."

"ఎట్లొస్తది? నేనైనా రాకపోదును."

అతను గంప సర్ది సైకిల్ తోసేవాడు. బ్లో-ఆఫ్ వాల్వు చప్పుడు ఎక్కడ వినిపించినా చేస్తున్న పని ఆపేసేవాడు. ధరణి నంబరు ఫోన్‌లో ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కే హక్కు తనకి లేదనుకున్నాడు. కాని రోజూ ఆ పేరు తెరిచి చూసుకుని, ఫోన్ మూసేవాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. మొదటి వాన పడ్డ మధ్యాహ్నం, షెడ్డు ముందు ఏదో స్కూటరు ఆగింది. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించి ఉన్నాయి.

సన్నీ పంక్చర్ ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ముందు చెప్పులు కనిపించాయి. బురద చెప్పులు.

"ఇది మా అన్నయ్య కోసం," అంది ధరణి. చిక్కిపోయింది. "కుడి పాదం చీలమండ దగ్గర వంగదు. కాలితో బ్రేకు వెయ్యలేడు. రెండు బ్రేకులూ చేతికి మార్చాలి."

సన్నీ లేచి నిలబడ్డాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నేనా? వేరేటోల్లు..."

"అన్నయ్య ఇక్కడికే తీసుకెళ్ళమన్నాడు. బ్రేకు విషయంలో ఈ ఊళ్ళో నీ అంత భయపడేవాడు ఇంకొకడు ఉండడట."

లోపల్నించి ఉస్తాద్ ఒక్క మాట అన్నాడు. "తీస్కో."

పని రెండు గంటలు పట్టింది. ప్రతి నట్టూ రెండుసార్లు బిగించాడు, తీగని నాలుగుసార్లు లాగి చూశాడు. సరిగ్గా సరిపోయే క్లిప్పు కోసం వానలో బస్టాండు దాకా నడిచి పోయి వచ్చాడు. ధరణి అదే స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఈసారి పేపరు చదవలేదు.

"నాన్న ఒక మాట చెప్పమన్నారు," అంది ఉన్నట్టుండి. "ఉత్తరం పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తే మా పోస్టాఫీసులో చించెయ్యం, చేరాల్సిన వాళ్ళకి చేరుస్తాం, అన్నారు. నిన్నోసారి ఇంటికి రమ్మన్నారు."

సన్నీ తల ఎత్తలేకపోయాడు. "నువ్వేమన్నవు?"

"నాకు ఇంకా కోపం పోలేదన్నాను." ఆమె స్టూలు మీద ముందుకి జరిగింది. "ఎనిమిది నెలలు పోనిచ్చి చూశాను. నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా కోపమే వచ్చేది. అదేం ఖర్మో, రోజంతా గుర్తొచ్చేవాడివి. నీ మీద కోపం ఎవరితో చెప్పుకోవాలన్నా నువ్వే కావాల్సి వచ్చింది. ఏం చెయ్యమంటావు నన్ను?"

"ధరణీ, నీకు జెప్పాల్సింది ఒకటి గా దినమే ఉండె. వాన పడ్డ దినం."

"ఇంకేమైనా దాచావా?"

"గదొక్కటే." ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వంటే నాకు ప్రాణం. అప్పుడు జెప్పే ధైర్యం లేకుండె. ఇప్పుడు జెప్పే మొకం లేదు. అయినా జెప్తున్న. ఇగ నీ దగ్గర ఏదీ దాసి పెట్టుకోను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. వాన సన్నబడింది. అతను స్పానర్లు సర్ది, చేతులు తుడుచుకుని, స్కూటరు స్టాండు తీశాడు.

"ట్రయల్ పోయొస్త. గంటైతది."

"గండిమైసమ్మ దాకానా?"

"గండిమైసమ్మ దాకా."

ధరణి స్టూలు మీంచి లేచింది. వచ్చి వెనక సీటు మీది నీళ్ళు చేత్తో తుడిచి, ఎక్కి కూర్చుంది.

సన్నీ బండి కదిలించలేదు. "ట్రయల్‌కు కస్టమర్ ఎక్కొద్దు," అన్నాడు మెల్లగా. "ఏమన్న అయితే..."

"అయితే ఇద్దరికీ అవుతుంది," అంది ధరణి. "నేను కస్టమర్‌ని కాదు సన్నీ. పోనీ."